సరిహద్దులో చెప్పుల లైను

మా హన్మండ్లు బావ నిలబడ్డ మనిషిని చూసి ఊరుకోలేడు. కూర్చోబెట్టి తీరాలి. ఆ మనిషి చుట్టమా, పగవాడా, దారిన పోయే దానయ్యా అన్నది అతనికి అనవసరం. రెండు కాళ్ల మీద నిటారుగా ఉన్న ప్రాణి కనబడితే చాలు, "కూసోండ్రి, జర కూసోండ్రి" అని మొదలుపెడతాడు. మాటతో ఆగితే ఇంత చెప్పుకునే పని లేదు. అతని చంకలో ఒక పీట కూడా ఉంటుంది. టేకు చెక్క, జానెడు ఎత్తు, మోయడానికి ఒక పక్క నులకతాడు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి పెళ్లికొచ్చినా, చావుకొచ్చినా, పంటి డాక్టరు దగ్గరికొచ్చినా ఆ పీట వెంట వస్తుంది.

అతను మా అనసూయక్క భర్త. నేను ముప్పై రెండేళ్లు పిల్లలకు సోషల్ పాఠాలు చెప్పి, కామారెడ్డిలో స్థిరపడిన దివాకర్ సార్‌ని. మర్యాదస్తుణ్ణని నాకొక పేరుంది. ఆ పేరుకు ఆ పీట చేసిన నష్టం ఇంతా అంతా కాదు.

నా పెళ్లి సంగతే చూడండి. అక్షింతలు వేసేవాళ్లు వేస్తున్నారు, ఫొటోలు దిగేవాళ్లు దిగుతున్నారు. పెళ్లికూతురూ నేనూ స్టేజీ మీద నిలబడి అరగంటైనా కాలేదు, బావ పీట పట్టుకొని పైకెక్కాడు. పిల్ల అలసిపోయిందన్నాడు. ఫొటో తీసే అతను అలసిపోయాడన్నాడు. ఎవరూ అలసిపోలేదు. అయినా వినకుండా స్టేజీ మీద జంపఖానా పరిపించి అందరినీ కూర్చోబెట్టాడు. పోలీసు శాఖలో పనిచేసిన మా మామగారిని పీట మీద కూర్చోబెట్టాడు. మా పెళ్లి ఆల్బంలో ఇప్పటికీ ఆయన మోకాళ్లు గడ్డానికి ఆనించుకొని, నేరం ఒప్పుకోబోతున్న మనిషిలా కనబడతారు. ఆ ఫొటో వచ్చినప్పుడల్లా నా భార్య పేజీ తిప్పేస్తుంది.

తర్వాత నాకు ఎల్లారెడ్డి బడిలో ఉద్యోగం. బావ కూతురు ప్రణీత అక్కడే చదివేది కాబట్టి అతను పిల్లల తండ్రుల కమిటీలో ఉండేవాడు. ఒక ఆగస్టు పదిహేనున జెండా ఎగరేశాం, జనగణమన పాడాం, హెడ్మాస్టరు గారు ఉపన్యాసానికి గొంతు సవరించుకున్నారు. టీచర్లం వరుసగా నిలబడ్డాం. అంతలో బావ లేచి, సార్లు ఎంతసేపని నిలబడాలె అని, ఏడో తరగతి గదిలోంచి పదకొండు బెంచీలు మోయించాడు. అందరూ హాయిగా కూర్చునేసరికి హెడ్మాస్టరు గారికి హుషారొచ్చి రెండు గంటలు మాట్లాడారు. తోటి టీచర్లు నెల రోజులు నన్ను తిట్టారు.

ఇక యూరియా లైను. లారీ వచ్చిందంటే ఎల్లారెడ్డిలో తెల్లవారక ముందే లైను కడతారు. అక్కడ నాకూ రెండెకరాల పొలం ఉంది కాబట్టి ఒకనాడు నేనూ నిలబడ్డాను. బావ వచ్చి చూశాడు, తన చెప్పులు విప్పి లైనులో పెట్టాడు. "చెప్పులు నిలబడుతయి, మీరు కూసోండ్రి" అన్నాడు. పది నిమిషాల్లో గోదాం ముందు చెప్పులే చెప్పులు, మనుషులంతా గోడ నీడన. చెప్పుల లైను చాలా ఊళ్లలో ఉన్నదే. మా బావ మాత్రం అది తానే కనిపెట్టినట్టు అందరికీ చెప్పుకుంటాడు.

నాకు మండే సంగతి ఇంకొకటుంది. ఇంత లోకాన్ని కూర్చోబెట్టినవాడు నన్ను మాత్రం ఏనాడూ కూసో అనలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా. అందరూ కూర్చున్నాక, మిగిలిన ఖాళీలో నేనే వెతుక్కొని కూర్చోవాలి. బావమరిదంటే అంత చులకన.

ఇక్కడ నా గురించి ఒక ముక్క చెప్పాలి. చెప్పడం నాకిష్టం లేదు. చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమ కాలు అంగుళన్నర పొట్టి అయింది. ఆ కాలి బూటుకు మందపాటి సోలు వేయించుకుంటాను. ఆ కాలి మాట నా ఎదుట ఎవరూ ఎత్తకూడదు, అది నా రూలు. ఒకసారి, అక్క పెళ్లయిన కొత్తలో, నేనూ బావా కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కాం. బస్సు కిక్కిరిసి ఉంది. కండక్టరు నన్ను చూసి, "ఓ అవ్వా, జర లెవ్వు. పాపం, కాలు బాగలేని పిలగాడు" అని కేకేశాడు. బస్సు బస్సంతా నా కాలు చూసింది. నేను బస్సు ఆపించి దిగిపోయాను. బావ కూడా నా వెనకే దిగాడు. మూడు గంటలు రోడ్డు పక్కన పల్లీలు తింటూ ఇంకో బస్సు కోసం చూశాం.

రిటైరయ్యాక నాకు మిగిలిన కోరిక ఒక్కటే. ముప్పై రెండేళ్లు గోడమీది మ్యాపులో బెత్తంతో దేశం సరిహద్దు చూపించాను. ఆ గీతను ఒక్కసారి, నా కాళ్ల మీద నేను నిలబడి చూడాలి. అందుకే పోయిన మార్చిలో మా రిటైర్డు టీచర్లూ, ఎల్లారెడ్డి రైతులూ కలిసి రాజస్థాన్ యాత్ర అనుకోగానే, సరిహద్దు చూడ్డానికి ఒక రోజు పెట్టించాను. అక్కడికి ఎవరు పడితే వాళ్లు పోలేరు. పేర్లు ముందే పంపాలి, పర్మిషన్ రావాలి, గైడు వెంట ఉండాలి. ముప్పై ఎనిమిది మందికీ పూచీగా నేనే సంతకం పెట్టాను. రెండు నెలలు పొద్దున్నే కామారెడ్డిలో కాలేజీ గ్రౌండు చుట్టూ నడక సాధన చేశాను.

బావకు ఫోన్ చేసి, పీట తెస్తే నేను రానని తెగేసి చెప్పాను. సరేనన్నాడు. స్టేషన్‌కు అక్కతో కలిసి ఒక గోనెసంచితో వచ్చాడు. నా మనసు తేలికపడింది. రైలు కదిలి స్టేషన్ దాటాక సంచి విప్పాడు. మొదటి గంటలోనే, నేను నిలబడి అందరి టికెట్లూ చూపిస్తుంటే టీసీని పీట మీద కూర్చోబెట్టి సకినాలు పెట్టాడు.

సరిహద్దు చూసే రోజు పొద్దున ఆరింటికి మా బస్సు బయల్దేరింది. గైడు పేరు సునీల్‌కుమార్, పాతికేళ్ల కుర్రాడు. దారిలో హిందీలో మూడు మాటలు చెప్పాడు. ఫొటోలు తీయొద్దు. గుంపు విడిచి పోవద్దు. ఎక్కడా ఏ వస్తువూ వదిలిపెట్టొద్దు. ఆఖరి పోస్టు నుంచి కంచె దాకా ఇసుకలో కిలోమీటరు నడవాలని, కాళ్లు బాగాలేనివాళ్లు ముందే చెబితే పోస్టులో కూర్చోబెడతారని కూడా చెప్పాడు. అది చెబుతూ నా కాలివైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. అంతదూరం వచ్చి పోస్టులో కూర్చోవడమంటే నాకు ప్రాణం పోయినంత పని.

మొదటి చెక్‌పోస్టులోనే పీట పట్టుబడింది. ఒక జవాను దాన్ని తిరగేసి చూశాడు, ఇంకొక జవాను వేళ్లతో తట్టి చూశాడు, కుక్కను తెచ్చి వాసన చూపించారు. ఇదేమిటని అడిగారు. పీట అన్నాడు బావ. దేనికని అడిగారు. కూసోనికి అన్నాడు. ఎవరు కూర్చోవడానికని అడిగారు. బావ ఆ జవానును పైనుంచి కిందికి చూసి, పీట కింద పెట్టి, "బైఠో బేటా" అన్నాడు. అక్కడున్న నలుగురు జవాన్లలో ఒక్కరూ కూర్చోలేదు. నా తల మాత్రం కిందికి వాలింది. తిరుగు ప్రయాణంలో తీసుకొమ్మని పీటను అక్కడే ఉంచుకున్నారు.

పీడ విరగడైందని నేను ఊపిరి పీల్చుకున్నాను. బావ మాత్రం బస్సులో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చున్నాడు. రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

ఆఖరి పోస్టు దగ్గర బస్సు ఆగింది. చుట్టూ ముళ్లకంచెలు, ఇసుక బస్తాలు, ఒక ఎత్తైన బురుజు, దానిమీద తుపాకీతో జవాను. గుర్తింపు కార్డులు చూసి ఒక్కొక్కరి పేరూ రాసుకోవాలన్నారు. కార్డులన్నీ లోపలికి తీసుకుపోయి, గంట పడుతుంది, లైనులో ఉండండన్నారు. లీడర్ని కాబట్టి నేను మొదట నిలబడ్డాను. ఎండ నెత్తిన కొడుతోంది. అరగంటకు ఎడమ తొడలోంచి నడుము దాకా సలుపు మొదలైంది. ముందు ఇసుకలో కిలోమీటరు నడక ఉంది. పళ్లు బిగించి నిలబడ్డాను. ఎవరికీ అనుమానం రాకుండా ముఖం నవ్వుతున్నట్టే పెట్టాను.

యాభై అడుగుల దూరంలో రేకుల కప్పు కింద పొడుగాటి సిమెంటు అరుగుంది. బావ దాన్ని చూశాడు. లైనును చూశాడు.

"వద్దు బావా" అన్నాను మెల్లగా.

అతను వినలేదు. చెప్పులు విప్పి తన చోట పెట్టాడు. "యూరియా లైను లెక్కనే. చెప్పులు నిలబడుతయి, మనం కూసుందాం" అన్నాడు. ఎల్లారెడ్డి వాళ్లకు అలవాటైన పనే. బావ పక్కింటి మల్లేష్ మొదట విప్పాడు, డెబ్బై ఐదేళ్ల భూదవ్వ విప్పింది, అది చూసి రిటైర్డు టీచర్లూ విప్పారు. కాలే ఇసుక మీద గెంతుతూ అందరూ నీడకు పోయారు. నా చోట పెట్టడానికి నేను బూట్లు విప్పబోతే బావ ఆపాడు. లీడరు బూట్లు విప్పితే ఏం బాగుంటదని, తన భుజం మీది తువ్వాల తీసి నా చోట పరిచాడు. ఇప్పుడు ఎండలో ముప్పై ఏడు జతల చెప్పులు, ఒక తువ్వాల, వాటి ముందు నేను. ఎంతసేపు నిలబడతాను? నేనూ పోయి అరుగు మీద కూర్చున్నాను. కూర్చోగానే కాలికి ఎంత సుఖంగా ఉందో ఎవరికీ చెప్పలేదు.

బురుజు మీది జవాను అటు తిరిగి ఉన్నాడు. ఇటు తిరిగేసరికి ముప్పై ఎనిమిది మంది మనుషులు మాయమై, వాళ్లున్నచోట చెప్పులు మిగిలాయి.

విజిల్ మోగింది. ఎక్కడున్నవాళ్లు అక్కడే ఉండాలని అరిచారు. ఆరుగురు జవాన్లు పరుగెత్తుకొచ్చారు. కుక్క వచ్చింది. అది ఒక్కొక్క చెప్పునూ వాసన చూసుకుంటూ పోయి, మల్లేష్ చెప్పుల దగ్గర ఆగి, తుమ్మి, ముందుకు పోయింది. తర్వాత ఆఫీసరు వచ్చాడు. నిండా నలభై ఉండవు, ముఖంలో నవ్వన్నది లేదు. ఈ పని ఎవరు చేయించారని అడిగాడు. సునీల్‌కుమార్ ముఖం పాలిపోయి నావైపు చూశాడు.

నేను చేసిన పని ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను. క్షణం ఆలస్యం చేయకుండా వేలెత్తి బావను చూపించాను. "ఆయన" అన్నాను. మా బావ అని కూడా అనలేదు.

కాపలా ఉన్నచోట వస్తువులు వదిలిపోవడం ఎంత తప్పో తెలుసా, మీ పర్మిషన్ రద్దు చేస్తున్నాను, అందరూ వెనక్కి పోండి అన్నాడు ఆఫీసరు. ముప్పై రెండేళ్ల నా గీత కిలోమీటరు దూరంలో ఆగిపోయింది.

బావ అరుగు దిగి ముందుకొచ్చాడు. చేతులు జోడించాడు.

"సాబ్, మేరే పైర్ మే తకలీఫ్. ఖడా నై రహ్ సక్తా. ఇనో సబ్ మేరే వాస్తే బైఠే" అన్నాడు.

తన కాలు బాగాలేదట. తాను నిలబడలేడట. వీళ్లంతా తన కోసమే కూర్చున్నారట. అరవై రెండేళ్ల వయసులో యూరియా బస్తా భుజానేసుకొని చేను గట్టు మీద చకచకా నడిచే మనిషి! ఆఫీసరు నమ్మలేదు. నడిచి చూపించమన్నాడు.

బావ నడిచాడు. ఎడమ కాలు వేసేటప్పుడు భుజం కొంచెం వాల్చి, తుంటి పక్కకు తోసి, మడమ నేలకు తగలకముందే కుడి కాలు అందుకొని. అది ఎవరి నడకో నాకు తెలుసు. బడి కిటికీ అద్దాల్లో ముప్పై ఏళ్లు చూసి చూసి, చూడటం మానేసిన నడక. అచ్చం నాదే. ఇంతమంది ముందు నన్ను వెక్కిరిస్తున్నాడనుకున్నాను. అక్కడే గొయ్యి తీసుకొని కూరుకుపోవాలనిపించింది.

ఆఫీసరు మాత్రం మెత్తబడ్డాడు. కాలు బాగాలేకపోతే ముందే చెప్పాలి గదా అన్నాడు. బావకు ప్లాస్టిక్ కుర్చీ వేయించాడు. ఈయన ఇక్కడే కూర్చుంటాడు, మిగతావాళ్లు ఐదు నిమిషాల్లో చెప్పులు తొడుక్కొని లైనులో ఉండాలి, ఈసారి కాళ్లతో సహా అన్నాడు. బావ సంతోషంగా కుర్చీలో కూర్చొని, తువ్వాల దులిపి మెడలో వేసుకున్నాడు. సరిహద్దు చూడ్డానికి ఇంతదూరం వచ్చినవాడు, దానికి వీపు తిప్పి కూర్చున్నాడు.

ఇసుకలో నడుస్తూ అక్క దగ్గర నా కడుపులోని మంటంతా కక్కాను. ఇజ్జత్ తీశాడన్నాను. కుంటి నడక నడిచి నలుగురిలో నన్ను నవ్వులపాలు చేశాడన్నాను. ఈ పీట పిచ్చి ఆయనకు చచ్చేదాకా పోదన్నాను.

అక్క నడక ఆపకుండానే అంది. "పీట పిచ్చి ఏంది దివాకరా? ఆ పీట అటక మీదుంటది. నువ్వొస్తున్నవంటేనే దించుతడు."

నాకు అర్థం కాలేదు.

"నన్నెన్నడన్న కూసోమన్నడా ఆయన? పొయ్యికాడ నా నడుములు విరిగినా పట్టదు. మల్లేష్‌ను అడుగు, ఊర్ల ఎవల్నన్న కూసోబెడ్తడేమో. నువ్వు పక్కనుంటేనే ఆయనకు అందరి కాళ్లు నొస్తయి."

నేను ఒక్కొక్కటీ వెనక్కి వెతికాను. పెళ్లి స్టేజీ మీద నేనున్నాను. జెండా దగ్గర నేనున్నాను. యూరియా లైనులో, టీసీ ముందు నిలబడింది నేనే. నేను లేనిచోట బావ ఎవరినైనా కూర్చోబెట్టాడని విన్న సంగతి ఒక్కటి కూడా నాకు గుర్తు రాలేదు.

"నేనొకసారి అడిగిన" అంది అక్క. "గట్లెందుకు అందర్ని సతాయిస్తవు, తమ్మున్ని ఒక్కన్నే కూసోమంటే అయిపాయె గద అన్న. అప్పుడన్నడు. వాన్నొక్కన్ని కూసోమంటే బస్సు దిగిపోతడు. అందర్ని కూసోమంటే వాడే కూసుంటడు అని."

కంచె వచ్చింది. ఇనుప తీగలు, లైటు స్తంభాలు, అవతల కూడా ఇవతలి ఇసుకలాంటి ఇసుకే. గైడు ఏదో చెబుతున్నాడు, అందరూ వింటున్నారు. నేను అనుకున్నట్టే నా కాళ్ల మీద నిలబడ్డాను. ఛాతీ విరుచుకోవాలని ముందే అనుకున్నాను, విరుచుకోలేకపోయాను. ఇన్నేళ్లు నన్ను నేను ఎవరి సాయమూ లేకుండా నిలబడ్డవాణ్ణనుకున్నాను. ఇంతకాలం ఒక మనిషి పీట మోసి, ఊరంతటి చేత తిట్లు తిని, నన్ను కూర్చోబెడుతూ వచ్చాడు. నేను వేలెత్తి 'ఆయన' అన్నాను. అంత సిగ్గు నాకు ఆ కండక్టరు అరిచిననాడు కూడా కలగలేదు. వెనక్కి నడిచేటప్పుడు కాలు సలిపింది. అక్క భుజం పట్టుకున్నాను. ఎవరైనా చూశారో లేదో నేను చూడలేదు.

పోస్టు దగ్గరికి వచ్చేసరికి బావ కుర్చీలో టీ తాగుతున్నాడు. ఎదురుగా ఇసుక బస్తా మీద డ్యూటీ దిగిన జవాను ఒకడు కబుర్లు చెబుతూ కూర్చున్నాడు. అతని పక్కన బోర్లించిన బకెట్టు మీద ఇంకొకడు. ఆఫీసరు మాత్రం గేటు దగ్గర నిలబడి పేర్లు చూసి ఒక్కొక్కరినీ బస్సు వైపు పంపిస్తున్నాడు.

మమ్మల్ని చూసి బావ లేచాడు. గ్లాసు ఇచ్చేసి, జవాన్లకు దండం పెట్టి, ఆఫీసరు చూస్తుండగా బస్సు వైపు కుంటడం మొదలుపెట్టాడు.

టీ తాగి, కబుర్లు చెప్పి, గంటసేపు హాయిగా కూర్చున్న మనిషి సంగతంతా మరచిపోయాడు. కుడి కాలు కుంటుతున్నాడు.

గబగబా పోయి అతని భుజం మీద చెయ్యి వేశాను. ఇన్నేళ్లలో నేను అతని భుజం పట్టుకోవడం అదే మొదలు. అతను ఏంది అన్నట్టు చూశాడు.

"ఎడమది బావా" అన్నాను చెవిలో. "నాది ఎడమ కాలు."

బావ ఒక్క క్షణం నా ముఖంలోకి చూశాడు. కాలు మార్చాడు. ఇద్దరం ఒకరి భుజం ఒకరు పట్టుకొని, ఒకే కాలు కుంటుతూ ఆఫీసరు ముందునుంచే బస్సు దాకా నడిచాం.

మొదటి చెక్‌పోస్టులో పీట తిరిగి ఇచ్చారు. బస్సు దిగి నిలబడి ఒళ్లు విరుచుకుంటున్న మా అందరినీ చూసి బావ పీట కింద పెట్టాడు. "కూసోండ్రి, జర కూసోండ్రి" అని మొదలుపెట్టాడు. ఎవరూ కదలకముందే నేను పోయి దానిమీద కూర్చున్నాను.